మెదడు మరచునది, మెదడు నిలుపుకొనునది

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)



ఇరువదియైదేండ్లపాటు ఒక గ్రామ గ్రంథాలయమును తలుపు మూయకుండ నడుపుట సామాన్యమైన పని కాదు. ఆ పని చేసినవారిని పేరుపేరున అభినందించు భారమును నాకు ముందు మాటలాడిన పెద్దలు నెరవేర్చియున్నారు. కావున నేను నాకప్పగించిన విషయమునకు తిన్నగా వచ్చెదను. "మెదడునుగూర్చిన శాస్త్రము మన పిల్లల చదువునకు ఏమైన పనికివచ్చునా?" అని కార్యదర్శిగారు నన్నడిగిరి. పనికివచ్చును. ఎంతవరకు వచ్చునో, ఎచ్చట రాదో, రెండును చెప్పవలసియున్నది.

ఈ గొడవ మనకెందుకని కొందరనుకొనవచ్చును. మన యూళ్లలో, ముఖ్యముగా పదవ తరగతి ఫలితములు వచ్చిన దినమున, ఒక మాట తరచుగా వినబడును: "మావాడికి బుర్ర లేదండీ." తండ్రి ఆ మాటను కోపముతోనో దుఃఖముతోనో అనును. కాని దానితో ఒక బిడ్డ చదువు ముగిసిపోవును. మరుసటి వారమే వాడు గాజువాకలోనో, అనకాపల్లి బజారులోనో పనికి కుదురును. ఆడపిల్లయైనచో పెండ్లి మాటలు మొదలగును. ఒక్క వాక్యముపై ఒక జీవితము మలుపు తిరుగుచున్నప్పుడు ఆ వాక్యము నిజమో కాదో విచారించుట మన విధి.

క్రొత్త శాస్త్రమునకు పోవుటకు ముందు ఒక పాత కాగితమును చూతము. 1822లో మద్రాసు గవర్నరు సర్ థామస్ మన్రో తన పాలనలోని జిల్లాలలో బడులెన్ని, చదువుకొను పిల్లలెందరు, వారు చదువునదేమి అని కలెక్టర్లనడిగెను. బళ్లారి కలెక్టరు ఎ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో పంపిన నివేదిక వానిలో మిక్కిలి వివరమైనది. ఈయన తెలుగు నేర్చి, తెలుగు వ్యాకరణమును, నిఘంటువును కూర్చినవాడు. కావున చూచినదానిని అర్థము చేసికొనగలవాడు. నాటి బళ్లారి జిల్లాలో తెలుగు బడులు, కన్నడ బడులు ప్రక్కప్రక్కనే నడచుచుండెను. అన్ని భాషల బడులు కలిపి 533, పిల్లలు 6,641 మంది ఆయన లెక్కకు వచ్చిరి.

ఉదయము ఆరు గంటలకే బడి. అందరికంటె ముందు వచ్చిన పిల్లవాని యరచేతిలో సరస్వతి పేరు వ్రాయుదురు. రెండవవాని చేతిలో సున్న. మూడవవానికి ఒక చిన్న దెబ్బ, నాలుగవవానికి రెండు, ఇట్లు ఆలస్యమైనకొలది దెబ్బలు పెరుగును. క్రొత్తగా చేరినవాడు నేలపై పరచిన ఇసుకలో వ్రేలితో అక్షరము దిద్దుచు, బిగ్గరగా దానిని పలుకును. చేయి తిరిగిన పిదప తాటియాకు, గంటము. గురువొక్కడు, పిల్లలనేకులు. అందుచే పెద్దవాడు చిన్నవానికి నేర్పును. గురువు అందరిపై కన్ను వేసియుండును. ఇట్లు నేర్పుటచే నేర్పువాని చదువు కూడ గట్టిపడుచున్నదని క్యాంబెల్ మెచ్చుకొనెను. ఇంగ్లండులో ఈ పద్ధతిని అనుకరించుట తగియేయున్నదనెను. మద్రాసులో అనాథ బాలుర శాలను నడిపిన ఆండ్రూ బెల్ దొర ఇచ్చటి పిల్లలు ఇసుకలో వ్రాయుట చూచి తన శాలలో ప్రవేశపెట్టి, పిల్లలచేతనే పిల్లలకు చెప్పించి, 1797లో పుస్తకము ప్రకటించెను. ఆ దేశమున దానికి "మద్రాసు పద్ధతి" యనియే పేరు.

మెప్పు అంతటితో ఆగెను. పిల్లలు వల్లించు గ్రంథములు పద్యరూపమున నున్నవి, ఆ భాష మాటలాడు భాషకు దూరము, పద్యములు లెక్కలేనన్ని అప్పజెప్పుదురు గాని వాని యర్థము చిలుకకెంత తెలియునో వారికంతే తెలియునని ఆయన నిర్మొగమాటముగా వ్రాసెను. కొన్నిచోట్ల గురువునకును తెలియదట!

ఈ మెప్పును, ఈ తప్పును రెంటిని గుర్తుంచుకొనుడు. రెండు వందల యేండ్ల తరువాత మెదడు శాస్త్రము చెప్పుచున్నదానిని బట్టి చూచినచో క్యాంబెల్ రెండు విషయములందును సరిగానే చూచెను. నేటి బడులలో అనేకము ఆయన మెచ్చినదానిని వదలిపెట్టి, తప్పుపట్టినదానిని పట్టుకొని వ్రేలాడుచున్నవని నా యభిప్రాయము. ఎందుచేత అట్లనుచున్నానో వివరించెదను.

మనుష్యుని మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణములున్నవని 2009లో బ్రెజిలు శాస్త్రజ్ఞులు లెక్కించిరి. ఈ సంఖ్య కలెక్టరు కొడుకునకును, కూలివాని కొడుకునకును వేరు కాదు. స్పెయిను దేశీయుడు రామన్ ఇ కహాల్ అను వైద్యుడు ఈ కణములను సూక్ష్మదర్శినిలో చూచి, వేలకొలది చిత్రములు తన చేతితో గీసి, ఒక కణము మరియొకదానితో అతుకుకొనక వేరుగానే యుండునని నిరూపించెను. ఆయనకు 1906లో నోబెల్ బహుమానము లభించెను. ఆ కణముల నడుమ సన్నని సందున్నది. ఒక కణమునుండి మరియొకదానికి సందేశము ఆ సందు దాటి పోవలెను. మనము ఒక విషయమును నేర్చుట యనగా ఈ సందులలో కొన్నిటియొద్ద రాకపోకలు బలపడుట.

ఎరిక్ క్యాండెల్ అను అమెరికా శాస్త్రజ్ఞుడు ఒక సముద్రపు నత్తపై ఈ విషయమును పరీక్షించెను. నత్తకు బడియేమి, చదువేమి యని నవ్వకుడు! దాని నాడీకణములు పెద్దవి, కొద్ది సంఖ్యలో నుండును. కావున నేర్చునప్పుడు ఏ కణములో ఏ మార్పు వచ్చుచున్నదో కనిపెట్టవచ్చును. శిక్షణనంతయు ఒక్క పర్యాయమే ఇచ్చినచో నత్త త్వరలోనే మరచెను. అదే శిక్షణను నాలుగు దినములకు పంచి యిచ్చినచో వారముల తరబడి జ్ఞాపకముంచుకొనెను. దీర్ఘకాలము నిలుచు జ్ఞాపకమునకు కణములలో క్రొత్త కట్టడమే జరుగునని ఆయన చూపెను. ఆయనకు 2000లో నోబెల్ బహుమానము వచ్చెను.

ఇది మన రైతులకు క్రొత్త సంగతి కాదు. వారమునకు కావలసిన నీటినంతయు చెరకు తోటకు ఒక్క పూటలో ఎవ్వడును పెట్టడు. పెట్టినను భూమి త్రాగదు. గట్టు తెగి పొరుగువాని మడిలో పడును. అయినను పరీక్షకు ముందు రెండు రాత్రులు మేల్కొని సంవత్సరపు చదువంతయు చదువు పిల్లవానిని చూచి మనము "ఎంత కష్టపడుచున్నాడో!" అని మురిసిపోవుచున్నాము.

ఇక మరపు సంగతి. జర్మనీ దేశపు హెర్మన్ ఎబ్బింగ్‌హౌస్ అను పండితుడు అర్థములేని అక్షరముల కూర్పులను తానే వల్లించి, తానే పరీక్షించుకొని, 1885లో ఒక గ్రంథము ప్రకటించెను. నేర్చినదానిలో సగమునకు పైగా ఒక్క గంటలోనే జారిపోయినది. ఆ తరువాత మరపు నెమ్మదించినది. ఇది ఒక విశ్వవిద్యాలయ పండితుని మెదడు! సోమవారము చెప్పిన పాఠమును మన పిల్లవాడు గురువారమునాడు మరచినచో "బుర్ర లేదు" అని తీర్మానించుటకు ముందు ఈ సంగతి తలచుకొనవలెను. మరచుట మెదడునకు స్వభావము. అది జబ్బు కాదు, తెలివితక్కువతనము కాదు.

మరి నిలుపుటెట్లు? ఇచ్చట నేను మిమ్ము కొంచెము శ్రద్ధగా వినుమని ప్రార్థించుచున్నాను. నా యుపన్యాసములో మీరు ఇంటికి కొనిపోదగినది ఇదియే.

అమెరికాలో రోడిగర్, కార్పికి అను ఇరువురు పరిశోధకులు 2006లో ఒక ప్రయోగమును ప్రకటించిరి. విద్యార్థులకు ఒక చిన్న పాఠమునిచ్చిరి. ఒక జట్టు దానిని నాలుగు విడతలు చదివెను. మరియొక జట్టు ఒక్క విడత మాత్రమే చదివి, తక్కిన మూడు విడతలలో పాఠము మూసి, జ్ఞాపకమున్నంత వ్రాసెను. అయిదు నిమిషముల తరువాత పరీక్షించినప్పుడు మరల మరల చదివినవారే గెలిచిరి. వారికి నూటికి 83 పాళ్లు, రెండవవారికి 71. వారము దినముల తరువాత మరల పరీక్షించిరి. చదివినవారికి 40 పాళ్లు మిగిలెను. మూసి తలచుకొన్నవారికి 61 మిగిలెను. చిత్రమేమనగా, ఎక్కువ సార్లు చదివినవారికే తమకు బాగుగా వచ్చినదను నమ్మకము హెచ్చుగా నుండెను.

చూచితిరా! చదువు మెదడులోనికి పోయుటచేత కంటె మెదడునుండి బయటికి తీయుటచేత ఎక్కువ నిలుచుచున్నది. తలచుకొనుటకు ప్రయత్నించునప్పుడు కలుగు ఆ చిన్న బాధ, ఆ తడబాటు వ్యర్థము కాదు. దారి గట్టిపడుచున్నప్పుడు కలుగు శ్రమ అది. పుస్తకము తెరచి పదిసార్లు చదువునప్పుడు శ్రమ లేదు. అందుచేతనే వచ్చినట్లుండును, వారము తిరుగునప్పటికి పోవును.

వీథిబడిలో "అప్పజెప్పుట" యనునది ఇదియే గదా! సాయంత్రము బడి విడుచుటకు ముందు ఎక్కములు, పద్యములు, తిథులు, వారములు చూడకుండ చెప్పించెడివారు. పెద్దవాడు చిన్నవానికి చెప్పునప్పుడు తనకు తెలిసినదానిని బయటికి తీసి, వరుసలో పెట్టి చెప్పవలసియుండెను. క్యాంబెల్ "నేర్పువాని చదువు గట్టిపడుచున్నది" అన్న మాటకు కారణము ఆయనకు తెలియకపోవచ్చును, మనకిప్పుడు తెలిసినది. నేటి బడిలో పిల్లవాడు నల్లబల్లపై నున్నదానిని నోటుపుస్తకములోనికి ఎక్కించును. ఇంటికి వచ్చి గైడులోని జవాబులను మరియొక పుస్తకములోనికి ఎక్కించును. కన్నునుండి చేతికి పోవుచున్నది గాని నడుమ మెదడున్నట్లు ఎవరికిని జ్ఞాపకము లేదు.

"మేము చదువుకొననివారము, మా పిల్లలకు మేమేమి చెప్పగలము?" అని మన తల్లిదండ్రులు అడుగుదురు. అమ్మా, అయ్యా, మీరు చెప్పనక్కరలేదు. అడుగవలెను. రాత్రి అన్నమునకు కూర్చున్నప్పుడు "ఒరే బాబూ, ఇవాళ బడిలో ఏం చెప్పేరు? పుస్తకం చూడకుండా నాకు చెప్పు" అని అడుగుడు. మరల రెండు దినములాగి "మొన్న వర్షం ఎలా కురుస్తుందో చెప్పేవు, మళ్లీ చెప్పు" అనుడు. మీకు తెలియకపోవుటయే ఇచ్చట మేలు. తెలియనివారికి చెప్పునప్పుడు పిల్లవాడు దాటవేయలేడు. వేలు ఖర్చుచేసి ట్యూషను పెట్టించిన దానికంటె ఈ ప్రశ్న తక్కువది కాదని నా నమ్మకము.

ఇక తప్పుపట్టిన విషయమునకు వత్తము. వల్లించుట మంచిదైనచో అర్థములేని వల్లింపు చెడ్డదెట్లగును? మనస్సు ఒక్క పర్యాయము తన యెదుట నిలుపుకొనగల వస్తువులు చాల తక్కువ. సుమారు నాలుగని నెల్సన్ కోవన్ అను పరిశోధకుడు 2001లో అనేక ప్రయోగములను సమీక్షించి తేల్చెను. ఇది చిన్న దోసిలి వంటిది. కాని దోసిలిలో నాలుగు బియ్యపు గింజలుండవచ్చును, నాలుగు కొబ్బరికాయలుండవచ్చును. తెలిసిన విషయములు ఒకదానితో నొకటి ముడివడి ఒక్క ముద్దయైనచో ఆ ముద్ద యంతయు ఒక్కటిగానే లెక్క. 1973లో చేజ్, సైమన్ అను వారు చదరంగపు నిపుణులను పరీక్షించిరి. నిజమైన ఆటలోని బలగమును కొద్ది క్షణములు చూపి తీసివేసినచో నిపుణుడు చాలవరకు మరల పేర్చగలిగెను. పావులను ఇష్టము వచ్చినట్లు చెదరగొట్టి చూపినచో అతడును మనవంటివాడే. నిపుణుని దోసిలి పెద్దది కాదు. అర్థమున్నచోట అతడు ముద్దలుగా పట్టుకొనును.

మన అవధానుల సంగతియు ఇట్టిదే యని నేననుకొనుచున్నాను. తిరుపతి వేంకట కవులు సభలో కూర్చుండి ఎనమండుగురు, నూర్గురు అడిగిన ప్రశ్నలకు పద్యపాదములు విడివిడిగా చెప్పి, చివరకు ధారణలో అన్నిటిని వరుసగా అప్పజెప్పుచుండగా చూచినవారు దైవదత్తమనిరి. దైవదత్తము కాదనుటకు నేనెవ్వడను? కాని ఛందస్సు, యతి, ప్రాస, వేలకొలది పూర్వపద్యముల పరిచయము, ఇవి యన్నియు ప్రతి పాదమునకు తగిలించుకొనుటకు కొక్కెములు. కొక్కెములు లేని గోడకు చొక్కా తగిలించలేము. అర్థము తెలియక వల్లించు పిల్లవాని గోడ నున్నని గోడ.

ఎక్కములు వల్లించుటను ఎగతాళి చేయువారు నేడు కొందరు కలరు. నేను వారి పక్షము కాను. "ఏడు ఎనిమిదులు ఏబదియారు" అని తడుముకొనకుండ వచ్చినవాడు లెక్క చేయునప్పుడు దోసిలి నంతయు లెక్కకే ఉపయోగించుకొనును. రానివాడు గుణకారము దగ్గరనే దోసిలి నింపుకొని అసలు ప్రశ్నను జారవిడుచును. అయితే ఏడు ఎనిమిదులనగా ఎనిమిదేసి కొబ్బరికాయల గుట్టలు ఏడని మొదట చూపి, తరువాత వల్లింపజేయవలెను.

వల్లింపు మెదడునే మార్చునా యని అడుగుదురు. శుక్ల యజుర్వేదమును బాల్యమునుండి కంఠస్థము చేసిన 21 మంది పండితుల మెదడులను, అట్టి శిక్షణ లేని 21 మంది మెదడులను యంత్రముతో చిత్రించి, జేమ్స్ హార్ట్‌జెల్, ఆయన సహచరులు 2016లో పోల్చిరి. జ్ఞాపకమునకు, భాషకు సంబంధించిన భాగములు పండితులలో పుష్టిగా నుండెను. దీనిని చూచి కొందరు పత్రికలవారు వేదము చదివినచో మెదడు పెరుగునని వ్రాసివైచిరి. అంత తొందర పనికిరాదు. ఒకే సమయమున తీసిన చిత్రము వలన శిక్షణ మెదడును పెంచినదో, అట్టి మెదడున్నవారే శిక్షణలో నిలిచిరో తేలదు.

ఇట్టి జాగ్రత్త చెప్పక తప్పదు. ఏలయన, మెదడు పేరు చెప్పి సొమ్ము చేసికొనువారు బయలుదేరిరి. పిల్లల కన్నులకు గంతలు కట్టి, చదివించెదమని, దానికి "మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్" అని పేరుపెట్టి పట్టణములలో రుసుములు వసూలుచేసిరి. గంత ప్రక్కనుండి ముక్కు మీదుగా చూచుటకంటె అందులో విశేషమేమియు లేదని హేతువాదులు బయటపెట్టిరి. మెదడులో పదవ వంతే వాడుకొనుచున్నామనుట, కుడి మెదడు పిల్లలు ఎడమ మెదడు పిల్లలు అని విడదీయుట, ఇవియు నిరాధారములే. జాన్ బ్రూయర్ అను విద్వాంసుడు 1997లోనే హెచ్చరించెను. నాడీకణమునకును తరగతిగదికిని నడుమ నేరుగా వంతెన వేయబోకుడు, అది చాల దూరము, నడుమ మనస్తత్త్వ శాస్త్రము మీదుగా రండని ఆయన భావము. సబ్బవరమునుండి విశాఖకు పెందుర్తి మీదుగా పోవునట్లన్నమాట. నేను పైన చెప్పిన ప్రయోగములలో అనేకము ఆ పెందుర్తిలో జరిగినవే.

అర్థమను మాట వచ్చినప్పుడు భాష సంగతి చెప్పకుండ దాటరాదు. మన యుత్తరాంధ్రకు సమీపమున పర్లాకిమిడిలో గిడుగు రామమూర్తి పంతులుగారు సవరల భాషను తానే నేర్చి, ఆ భాషలో పుస్తకములు వ్రాసి, సవర పిల్లలకు వారి మాటలోనే చదువు చెప్పించిరి. తెలుగు బడులలో వాడుక భాషకై ఆయన చేసిన పోరాటము అందరెరిగినదే. క్యాంబెల్ పట్టిన తప్పునకు విరుగుడును మన ప్రాంతమువారే కనిపెట్టిరని గర్వింపవచ్చును. (గ్రాంథికములో ఈ మాట చెప్పుచున్నందుకు పంతులుగారి యాత్మ నన్ను క్షమించుగాక! సంచికకు ఇట్లే వ్రాయుట నాకలవాటు.) 2004 ప్రాంతమున రాష్ట్ర ప్రభుత్వము సవర, కువి, కొండ మున్నగు ఎనిమిది గిరిజన భాషలలో ప్రాథమిక పాఠములు మొదలుపెట్టినది ఆ బాటలోనే. ఇన్ని భాషలు పిల్లల మెదడునకు బరువని భయపడనక్కరలేదు. హైదరాబాదు నిమ్స్ ఆసుపత్రిలో సువర్ణ అల్లాడిగారు, ఆమె సహచరులు 648 మంది మతిమరపు రోగుల వివరములను పరిశీలించి 2013లో ప్రకటించిరి. ఒకే భాష మాటలాడువారికంటె రెండు, అంతకు మించి భాషలు మాటలాడువారికి ఆ జబ్బు సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా వచ్చెను. చదువురానివారిలో సైతము ఈ తేడా కనబడెను. తెలుగు, ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు ఎన్ని నేర్చినను మంచిదే. కాని మొదటి మెట్టు అర్థమగు భాషలో నుండవలెను.

బెత్తమునుగూర్చి ఒక మాట. మూడవవానికి ఒకటి, నాలుగవవానికి రెండు అను వీథిబడి లెక్కను చట్టము 2009లోనే తీసివేసినది. కాని బెత్తము పోయినను భయము పోలేదు. జ్యూరిచ్ నగరములో 2000లో ఒక ప్రయోగము జరిగినది. ముందు దినము కొన్ని పదములు నేర్చిన మనుష్యులకు, పరీక్షకు ఒక గంట ముందు కార్టిజోను మాత్ర నిచ్చిరి. భయపడినప్పుడు మన శరీరములో పుట్టు ద్రవ్యమునకు అది దగ్గర చుట్టము. మాత్ర తిన్నవారికి నేర్చిన పదములు తలపునకు రాక తడబడిరి. అనగా చదువు లోపల నున్నది, తలుపు తెరచుకొనుట లేదు. చేయి చాచుమని కేక వేసిన వెంటనే పదమూడవ ఎక్కము మరచిపోవు పిల్లవానిని మనమందరము చూచితిమి. "రాదు" అని వానికి సున్న వేయుదుము. వానికి వచ్చును!

నిద్ర సంగతి యింకను ముఖ్యము. 1924లో జెంకిన్స్, డాలెన్‌బాక్ అను అమెరికా పండితులు, నేర్చిన పిదప నిద్రపోయినచో మేల్కొనియున్నప్పటికంటె తక్కువ మరచుదురని చూపిరి. 1994లో ఎలుకల మెదడును పరిశీలించినవారు, పగలు తిరిగిన దారికి సంబంధించిన కణములు నిద్రలో మరల కలిసి మెరయుట కనిపెట్టిరి. మెదడు రాత్రివేళ పాఠమును తనకు తాను అప్పజెప్పుకొనుచున్నదన్నమాట. అనకాపల్లి బెల్లము వండువారిని అడుగుడు. పాకము దించిన వెంటనే దిమ్మ కాదు. ఆరనీయవలెను. నేడు వేకువ నాలుగు గంటలకు లేపి, రాత్రి పదకొండు గంటలవరకు కూర్చుండబెట్టు వసతి కళాశాలలకు అప్పుచేసి మన పిల్లలను పంపుచున్నాము. పొయ్యి ఆర్పకుండ పాకము కలియబెట్టుచుండినచో మాడును గాని దిమ్మ కాదు. ఫలితముల దినమున వచ్చు కొన్ని దుర్వార్తలు చదివి మీరందరును కంట తడిపెట్టియున్నారు. నేను వేరుగా చెప్పను. (కొత్త అమావాస్య జాతర దినములు పరీక్షల దినములు తరచుగా కలిసివచ్చును. నూకాలమ్మ తల్లి మైకులు లేనినాడును భక్తులను కాపాడినదే. రాత్రి పది దాటిన తరువాత వానిని ఆపినచో ఆమె కోపగించుకొనదని నా మనవి.)

ఇంతవరకు పిల్లలనుగూర్చి చెప్పితిని. ఈ సభలో వెనుక వరుసలలో కూర్చున్న పెద్దమ్మలు, పిన్నమ్మలు "మాకింకేమి చదువు, మొక్క వంగవచ్చును గాని మాను వంగునా?" అనుకొనుచుందురు. మాను వంగును. లక్నో సమీపమున రెండు పల్లెలలో చదువురాని స్త్రీపురుషులకు ఆరు నెలలపాటు దేవనాగరి చదువుట, వ్రాయుట నేర్పి, ముందును తరువాతను వారి మెదడులను చిత్రించిరి. అందు అధికులు ముప్పది యేండ్ల ప్రాయపు స్త్రీలు. ఫలితములు 2017లో ప్రకటింపబడినవి. ఆ పరిశోధకులలో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన రమేశ్ మిశ్రాగారును ఒకరు. చదువు నేర్చుటచే మెదడు పైపొరలో మాత్రమే మార్పు వచ్చుననుకొన్నవారికి ఆశ్చర్యము కలిగినది. చూపునకు సంబంధించిన లోపలి, అతి ప్రాచీన భాగములు సైతము పైపొరతో క్రొత్త పొందిక కుదుర్చుకొనెను. ఆరు నెలలు! మన యొక చెరకు పంట కాలములో సగము.

ఆ చదువు దేనికుపయోగపడునో చెప్పుటకు లక్నో పోనక్కరలేదు. 1990 దశకము మొదట నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమము నడచెను. రాత్రి బడులలో స్త్రీలు చదివిన వాచకములో సారా వలన నాశనమైన సంసారపు కథ యొకటి యుండెను. అది వారి యింటి కథయే. 1992లో దూబగుంట గ్రామ స్త్రీలు, వారిలో వర్ధినేని రోశమ్మగారు, ఊరిలోని సారా దుకాణమును మూయించిరి. ఆ గాలి జిల్లాలు దాటినది. 1993లో రాష్ట్రమున సారా నిషేధింపబడినది. అక్షరములను ఒక్కొక్కటిగా కూడబలుకుకొన్న స్త్రీలకు ఆ పాఠము మరపు రాలేదు. కొక్కెము ఎంత బలమైనదో చూడుడు.

మన సబ్బవరము ప్రక్కన నేడు న్యాయ విశ్వవిద్యాలయమున్నది. వంగలిలో పెట్రోలియము విద్యాసంస్థ వెలసినది. దూరదేశములనుండి పిల్లలు వచ్చి చదువుకొనుచున్నారు. ఆ గోడలకు కూతవేటు దూరమున పింఛను కాగితముపై వ్రేలిముద్ర వేయు అవ్వలున్నారు, పదవ తరగతి తప్పి ఇంటిలో తలదించుకొని కూర్చున్న పిల్లలున్నారు. వీరిరువురిని ఒకచోట కూర్చుండబెట్టవలెనని నా కోరిక. తప్పిన పిల్లవాడు అవ్వకు అక్షరములు నేర్పవలెను. అవ్వకు నేర్పుటలో వాని తెలుగు గట్టిపడును. వాడు తన సైన్సు పాఠమును పుస్తకము మూసి ఆమెకు చెప్పవలెను, ఆమె "అదెందుకురా అట్లా?" అని అడుగవలెను. 1823లో బళ్లారి పల్లెలలో ఇసుకపై జరిగినది ఇదియే, అర్థమొక్కటి అదనముగా చేర్చితిమి, బెత్తము తీసివైచితిమి.

కార్యవర్గమువారితో మాటలాడితిని. వెనుక గదిలోని పొడవు బల్ల, రెండు దీపములు ఇందుకు చాలును. పలకలు నేను తెచ్చెదను. వారమునకు మూడు సాయంకాలములు, ఒక్కొక్కటి గంటకు మించకుండ. వచ్చు ఆదివారము ఆరు గంటలకు మొదటి కూడిక. ఆ దినమున పుస్తకములు తెచ్చుకొనవలసిన పని లేదు. జ్ఞాపకమున్నది చెప్పుకొందము.